మాంట్‌సెరాట్ వెళ్తున్నారా? కనీసం నాలుగు రాత్రులు ఉండేలా వెళ్లండి

మొదటిసారి మాంట్‌సెరాట్‌కి వెళ్లినప్పుడు పొద్దున్నే వెళ్లి సాయంత్రానికల్లా తిరిగొచ్చేశాను. అప్పట్లో నేను కరీబియన్ సముద్రంలోని ఆంటిగ్వా దీవిలో ఒక కాలేజీలో లెక్కలు చెప్పేవాణ్ని. మబ్బు లేని రోజున ఆంటిగ్వా ఒడ్డున నిలబడితే నైరుతి వైపు సముద్రం మీద నీలంగా ఒక కొండ కనిపిస్తుంది. అదే మాంట్‌సెరాట్. మధ్యలో దూరం 27 మైళ్లు. అంత దగ్గరే కదా, ఒక్క రోజు చాలనుకున్నాను. టాక్సీ మాట్లాడుకుని, అగ్నిపర్వతాన్ని దూరం నుంచి చూసి, బూడిదలో కూరుకుపోయిన ఇళ్లకి ఫొటోలు తీసి వచ్చేశాను.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో ఒక సహోద్యోగి అడిగాడు. ఆయన తల్లిది ఆ దీవే. "అక్కడ ఎవరితోనైనా కూర్చుని మాట్లాడారా?" లేదన్నాను. ఆయన తలూపి తన పనిలో పడిపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. ఆ తర్వాత మూడు సార్లు వెళ్లాను, ప్రతిసారీ నాలుగు రాత్రులకి తగ్గకుండా ఉన్నాను. ఇక్కడ రాసేదంతా ఆ మూడు ప్రయాణాల్లో తెలుసుకున్నదే.

వెళ్లే ముందు తెలిసి ఉండాల్సిన కథ

మాంట్‌సెరాట్ బ్రిటన్ కింద ఉన్న భూభాగం. సొంత శాసనసభ, ప్రీమియర్ ఉంటారు, బ్రిటన్ తరఫున ఒక గవర్నర్ ఉంటాడు. విస్తీర్ణం 102 చదరపు కిలోమీటర్లు. పొడవు 16 కిలోమీటర్లు, వెడల్పు 11. జనాభా ఐదు వేల లోపే. 1493లో కొలంబస్ ఈ దీవి పక్కగా వెళ్తూ, బార్సిలోనా దగ్గర కొండ మీదున్న మఠం పేరు దీనికి పెట్టాడు. 1632 నుంచి ఇంగ్లీషువాళ్లు, ఐరిష్‌వాళ్లు వచ్చి స్థిరపడ్డారు. తర్వాత ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లతో చెరకు తోటలు నడిపారు. ఇప్పుడున్న జనంలో ఎక్కువమంది ఆ బానిసల సంతతే. కానీ ఇంటిపేర్లు అడిగితే రైలీ, స్వీనీ, ఫారెల్ అని ఐరిష్ పేర్లు వినిపిస్తాయి. ఊళ్ల పేర్లూ అంతే: కార్క్ హిల్, కిన్‌సేల్.

1995 జులై 18న దీవి దక్షిణాన ఉన్న సూఫ్రియేర్ హిల్స్ అగ్నిపర్వతం మేలుకుంది. దీవిలో రాసిపెట్టిన చరిత్ర మొత్తంలో అది అంతకుముందు ఎప్పుడూ పేలలేదు. రాజధాని ప్లిమత్ దాని పాదాల దగ్గరే ఉండేది. జనాన్ని ఖాళీ చేయించారు, మళ్లీ రానిచ్చారు, మళ్లీ ఖాళీ చేయించారు. 1996 ఏప్రిల్‌లో వదిలి వెళ్లినవాళ్లు మరి ఆ ఇళ్లకి తిరిగి రాలేదు. 1997 జూన్ 25న కొండ మీంచి మండే బూడిద, రాళ్లు, వాయువులు కలిసి తూర్పు వైపు ఊళ్ల మీదికి దిగి 19 మందిని చంపేశాయి. వాళ్లలో పొలం పనుల కోసం వెనక్కి వెళ్లినవాళ్లు ఉన్నారు. ఆ ఏడాది ఆగస్టులో ప్లిమత్ కాలిపోయి పూడుకుపోయింది. దీవి జనంలో మూడింట రెండు వంతుల మంది ఇంగ్లండుకో పక్క దీవులకో వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు ఉత్తరాన, అంతకుముందు పెద్దగా ఊళ్లు లేని చోట, మొదటి నుంచి మొదలుపెట్టారు.

మీకు గది ఇచ్చే ఆవిడ, టాక్సీ నడిపే పెద్దాయన, కొట్లో రొట్టె అమ్మే మనిషి, వీళ్లలో నడివయసు దాటిన చాలామందికి దక్షిణాన ఒక ఇల్లు ఉండేది. ఈ సంగతి మనసులో పెట్టుకుని దిగితే అక్కడ ఏం అడగాలో, ఏం అడగకూడదో మీకే తెలుస్తుంది.

చేరుకోవడం ఎలా

పెద్ద విమానాలు అక్కడ దిగవు. దారి ఆంటిగ్వా మీదుగానే. ముందు ఆంటిగ్వాలోని వి.సి. బర్డ్ విమానాశ్రయానికి చేరి, అక్కడి నుంచి చిన్న విమానం ఎక్కాలి. తొమ్మిది మంది, మహా అయితే పంతొమ్మిది మంది పట్టే విమానాలవి. గాల్లో ఉండేది 20 నిమిషాల లోపే. ఎక్కే ముందు సామానుతో పాటు మనల్నీ తూకం వేస్తారు, బరువు సమంగా సర్దడానికి. గట్టి పెట్టెలు కాకుండా మెత్తటి బ్యాగులు తీసుకెళ్లండి. విమానం నిండితే మీ బ్యాగు తర్వాతి ట్రిప్పులో రావచ్చు. అందుకే మందులు, ఒక జత బట్టలు, కాగితాలు చేతి సంచిలోనే పెట్టుకోండి.

పాత విమానాశ్రయం తూర్పు ఒడ్డున ఉండేది, అగ్నిపర్వతం దాన్ని మింగేసింది. 2005లో జెరాల్డ్స్ అనే ఊరి దగ్గర కొండ తలను చదును చేసి కొత్తది కట్టారు. ఇప్పుడు దాని పేరు జాన్ ఎ. ఆస్బోర్న్ విమానాశ్రయం. రన్‌వే పొడవు సుమారు 600 మీటర్లు, దాని కిందుగా సొరంగంలోంచి రోడ్డు పోతుంది. రెండు చివర్లా పల్లమే. మొదటిసారి దిగేటప్పుడు గుండె కొంచెం జారుతుంది. పైలట్లు రోజుకి చాలాసార్లు దిగే చోటే అది, టెన్షన్ పడకండి.

పాస్‌పోర్టు మీద పచ్చటి మూడాకుల గుర్తుతో ముద్ర వేస్తారు. ఐరిష్ సంబంధానికి అది గుర్తు.

ఫెర్రీ కూడా నడుస్తూ ఉంటుంది, ఆంటిగ్వాలోని సెయింట్ జాన్స్ రేవు నుంచి లిటిల్ బే దాకా. గంటన్నర పైన పడుతుంది. అది ఏడాది పొడవునా ఒకేలా నడవదు, వేళలు మారుతుంటాయి. కాబట్టి దాన్ని నమ్ముకుని మిగతా టికెట్లు కొనకండి, తారీకులు దగ్గర పడ్డాక ఆరా తీయండి. కడుపులో తిప్పే అలవాటుంటే మాత్ర బోటు ఎక్కే ముందే వేసుకోవాలి, ఎక్కాక వేసుకుంటే పనిచేయదు. మధ్యలో సముద్రం బాగా ఎగుడుదిగుడుగా ఉంటుంది.

వీసా సంగతి రెండు చోట్లకీ విడివిడిగా చూసుకోవాలి. ఆంటిగ్వా 1981 నుంచి స్వతంత్ర దేశం, మాంట్‌సెరాట్ బ్రిటిష్ భూభాగం. ఒకచోటి అనుమతి ఇంకోచోట చెల్లుతుందని అనుకోవద్దు. రెండింటి ఇమిగ్రేషన్ వెబ్‌సైట్లు చూసి, అనుమానం ఉంటే రాసి అడిగి, జవాబు కాగితం మీద పెట్టుకున్నాకే టికెట్ కొనండి.

తిరుగు ప్రయాణం గురించి ఒక మాట. రెండోసారి వెళ్లినప్పుడు తిరిగొచ్చే రోజు మేఘాలు కొండ మీదికి దిగి నా విమానం రద్దయింది. అదే సాయంత్రం ఆంటిగ్వా నుంచి నాకు పెద్ద విమానం ఉంది, అది వెళ్లిపోయింది. కొత్త టికెట్టుకి అయిన ఖర్చు మాంట్‌సెరాట్‌లో నాలుగు రోజులు ఉన్నదానికంటే ఎక్కువ. అందుకే చెబుతున్నా, ఆంటిగ్వా నుంచి మీ పెద్ద విమానానికీ మాంట్‌సెరాట్ నుంచి బయల్దేరే చిన్న విమానానికీ మధ్య ఒక పూర్తి రాత్రి ఉంచుకోండి.

డబ్బు, బండి, పలకరింపు

అక్కడ నడిచేది తూర్పు కరీబియన్ డాలరు. "ఈసీ" అంటారు. 1976 నుంచి ఒక అమెరికా డాలరుకి 2.70 ఈసీ అని స్థిరంగా ఉంది. అమెరికా డాలర్లు దాదాపు అందరూ తీసుకుంటారు, చిల్లర మాత్రం ఈసీలో ఇస్తారు. ధర చెప్పినప్పుడు "ఏ డాలరు?" అని మర్యాదగా అడగడం తప్పు కాదు. బ్యాంకు, ఏటీఎం ఉత్తరాన బ్రేడ్స్ అనే ఊళ్లో ఉన్నాయి. ప్లిమత్ పోయాక ప్రభుత్వ ఆఫీసులన్నీ బ్రేడ్స్ చుట్టుపక్కలే ఉన్నాయి, చట్ట ప్రకారం రాజధాని మాత్రం ఇప్పటికీ ప్లిమతే. చిన్న కొట్లు, టాక్సీలు, గైడ్లు నగదే అడుగుతారు. దీవి వదిలేటప్పుడు కట్టే పన్ను కోసం కూడా కొంత నగదు పక్కన పెట్టుకోండి.

బస్సులంటే వ్యాన్లే, అవీ తక్కువ, సాయంత్రమైతే ఇంకా తక్కువ. కారు అద్దెకు తీసుకోవచ్చు. ఎడమ వైపు నడపాలి, పోలీసుల దగ్గర తాత్కాలిక లైసెన్సు రాయించుకోవాలి. రోడ్లు ఇరుకు, నిటారు, మలుపు మలుపుకీ హారన్ కొట్టాలి. నేను మాత్రం మొదటి రెండు రోజులు టాక్సీ మాట్లాడుకోమనే చెబుతాను. డ్రైవరు పక్క సీట్లో కూర్చోండి. దీవి గురించి నాకు తెలిసినదాంట్లో సగం ఆ సీట్లో కూర్చుని విన్నదే.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. ఎవరినైనా ఏదైనా అడిగే ముందు "గుడ్ మార్నింగ్" అనాలి, మధ్యాహ్నం దాటితే "గుడ్ ఆఫ్టర్‌నూన్". కొట్లోకి అడుగుపెట్టగానే అక్కడున్న అందరికీ కలిపి ఒకసారి అనాలి. వ్యాన్ ఎక్కినా అంతే. పలకరించకుండా నేరుగా "ఇది ఎంత?" అంటే వాళ్లకి అది అమర్యాద. మొదటి ట్రిప్పులో నేను అదే చేశానని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నం 12కి అగ్నిపర్వత హెచ్చరిక సైరన్ వినిపిస్తే పరుగెత్తకండి. అది పనిచేస్తోందో లేదో చూడటానికి మోగించేది. వేరే వేళల్లో మోగితే మాత్రం రేడియో పెట్టండి. జెడ్‌జేబీ రేడియో మాంట్‌సెరాట్ అక్కడి స్టేషను, హెచ్చరికలన్నీ అందులోనే వస్తాయి.

ప్లిమత్ చూడాలంటే

దీవిలో సగానికి పైగా నిషేధిత ప్రాంతం. ప్లిమత్ ఉన్న భాగాన్ని జోన్ వి అంటారు. 1 నుంచి 5 దాకా ప్రమాద స్థాయిలు ఉంటాయి, స్థాయిని బట్టి ఏ జోన్‌లోకి ఎవరు, ఏ వేళలో వెళ్లవచ్చో మారుతుంది. కొండ మీద పేరుకున్న లావా గుట్ట చివరిసారి పెద్దగా కూలింది 2010 ఫిబ్రవరి 11న. అప్పటి నుంచి కొత్త లావా బయటికి రాలేదు కానీ వాయువులు వస్తూనే ఉన్నాయి, భూమి లోపల కదలికలూ ఉన్నాయి. కొండ చల్లారిందని అక్కడి శాస్త్రవేత్తలు ఎవరూ అనరు.

కాబట్టి జోన్ విలోకి సొంతంగా వెళ్లకూడదు. పోలీసుల అనుమతి కావాలి, గుర్తింపు ఉన్న గైడ్ వెంట ఉండాలి. అనుమతి పని గైడే చూసుకుంటాడు, మీరు ఒకటి రెండు రోజుల ముందు పేర్లు ఇస్తే చాలు. దిగిన రోజునే గైడ్‌కి ఫోన్ చేయండి. వాతావరణం బాగోలేకపోతే వాయిదా పడుతుంది. నాలుగు రాత్రులు అన్నది అందుకే.

దానికి ముందు ఒక పూట మాంట్‌సెరాట్ అగ్నిపర్వత పరిశీలన కేంద్రానికి వెళ్లండి. అక్కడివాళ్లు ఎంవీఓ అంటారు. ఫ్లెమింగ్స్ అనే చోట కొండ ఎదురుగా ఉంటుంది. సందర్శకులకి ఒక చిన్న సినిమా చూపిస్తారు. మండే బూడిద మేఘం లోయలోకి దిగే దృశ్యం అందులో చూశాక ప్లిమత్ ఎందుకలా ఉందో అర్థమవుతుంది. ముందు ఇది, తర్వాత ప్లిమత్. వరస మార్చకండి.

ప్లిమత్‌కి వేసుకోవాల్సినవి: ముందు భాగం మూసి ఉన్న బూట్లు, టోపీ, రెండు సీసాల నీళ్లు. ఉబ్బసం ఉన్నవాళ్లు మాస్కు, ఇన్‌హేలర్ తప్పకుండా పెట్టుకోవాలి. గాలి ఇటు తిరిగితే గంధకం వాసన గొంతులో గుచ్చుకుంటుంది.

నేను వెళ్లిన రోజు మా గైడ్ చెక్ పోస్టు దగ్గర పేర్లు రాయించి, రేడియో చేతిలో పట్టుకుని బయల్దేరాడు. మొదట రిచ్‌మండ్ హిల్ మీద పాడుబడ్డ హోటల్. ఈత కొలను ఉండాల్సిన చోట బూడిద గట్టిపడి దాని మీద గడ్డి, చెట్లు మొలిచాయి. నేల మీద బూడిద పొర మెత్తగా ఉంటుంది, అడుగు వేస్తే అచ్చు పడుతుంది. అక్కడి నుంచి కిందికి చూస్తే పట్నం మొత్తం కనిపిస్తుంది. మూడంతస్తుల భవనాలకి పై అంతస్తు మాత్రమే బయట ఉంది. ఒకప్పటి వీధుల మీద ఇప్పుడు బూడిదరంగు మైదానం, అక్కడక్కడ కప్పులు, వాటి వెనక సముద్రం.

కిందికి దిగాక బండిని వెంటనే వెనక్కి తిప్పి, ముందు భాగం బయటికి పోయే దారి వైపు ఉండేలా ఆపాడు. తాళం చెవి తియ్యలేదు. "ఇక్కడ ఎప్పుడూ ఇలాగే ఆపుతాం" అన్నాడు. కొంచెం దూరం నడిచాక నేల మీద చెయ్యి చూపించి, "మనం ఇప్పుడు మా అమ్మ కొట్టు మీద నిలబడి ఉన్నాం" అన్నాడు. నాకేం మాట్లాడాలో తెలియలేదు. ఆయనే మళ్లీ అందుకున్నాడు. ఆ కొట్లో బట్టలు అమ్మేవారట, క్రిస్మస్‌కి ముందు వారం అర్ధరాత్రి దాకా తెరిచి ఉండేదట, కౌంటర్ కింద పడుకుని నిద్రపోయేవాడట. పది నిమిషాలు చెప్పాడు. నేను కెమెరా తియ్యలేదు. అది మంచి పని చేశానని ఇప్పటికీ అనుకుంటాను.

అక్కడి నుంచి ఏదీ ఏరుకుని తెచ్చుకోవద్దు. గ్లాసు ముక్కైనా, పాత రసీదైనా, కిటికీ పక్కన పడి ఉన్న బొమ్మైనా, అవన్నీ ఎవరివో. ఆ మనుషులు ఇప్పటికీ అదే దీవిలో, ఐదు మైళ్ల అవతల ఉన్నారు. తలుపులు లేని ఇళ్లలోకి దూరవద్దు, కప్పులు బరువుకి కూలతాయి.

దారిలో ఇసుక లారీలు ఎదురవుతాయి. అగ్నిపర్వతం తెచ్చిపోసిన ఇసుకని తవ్వి ప్లిమత్ పాత రేవు నుంచే పక్క దీవులకి ఇళ్లు కట్టుకోడానికి పంపుతున్నారు. ఆ లారీలు చూసినప్పుడు నాకు సంతోషం వేసింది.

బెల్హమ్ లోయ గురించి కూడా చెప్పాలి. అక్కడ ఒకప్పుడు గోల్ఫ్ మైదానం, వంతెన ఉండేవి. వానలకి కొండ మీంచి కొట్టుకొచ్చిన బురద వాటిని కప్పేసింది. ఇప్పుడు బండ్లు నేరుగా ఆ ఎండిన వాగు మీంచే దాటుతాయి. మీరున్న చోట వాన లేకపోయినా కొండ మీద పడుతుంటే బురద ఒక్కసారిగా దిగుతుంది. మబ్బు పట్టినప్పుడు దాన్ని దాటొద్దు. అవతల చిక్కుకుంటే బురద తగ్గేదాకా ఎదురుచూడటం తప్ప దారి లేదు.

జోన్ విలోకి వెళ్లడం కుదరకపోతే గారిబాల్డీ హిల్ ఎక్కండి, ప్లిమత్ వైపు కనిపిస్తుంది. తూర్పున జాక్ బాయ్ హిల్ నుంచి పాత విమానాశ్రయం పూడిపోయిన చోటు కనిపిస్తుంది. రెండింటికీ గైడ్ అక్కర్లేదు. పొద్దున తొందరగా వెళ్లండి, ఎండెక్కాక కొండ నెత్తిన మబ్బు కూర్చుంటుంది.

ఉత్తరం వైపు

దీవి అంటే అగ్నిపర్వతం ఒక్కటే కాదు. మధ్యలో సెంటర్ హిల్స్ అడవి ఉంది. దీవికి తాగే నీళ్లన్నీ అక్కడి ఊటల నుంచే వస్తాయి, కుళాయి నీళ్లు హాయిగా తాగొచ్చు. ఓరియోల్ వాక్‌వే అనే కాలిబాట ఆ అడవిలోంచే పోతుంది. మాంట్‌సెరాట్ ఓరియోల్ అక్కడి జాతీయ పక్షి, ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. మగపిట్ట నలుపు, పసుపు రంగుల్లో ఉంటుంది. పక్షుల గురించి తెలిసిన గైడ్‌తో వెళ్తే కనిపిస్తుంది, ఒంటరిగా వెళ్తే శబ్దమే వినిపిస్తుంది. నాకు రెండో ప్రయత్నంలో, వాన వెలిసిన పది నిమిషాలకి, చెయ్యెత్తు దూరంలో ఆకు చాటున కనిపించింది. బాట బురదగా ఉంటుంది, పట్టున్న బూట్లు కావాలి.

పాత మెనూల్లోనో ఎవరి జ్ఞాపకాల్లోనో "మౌంటెన్ చికెన్" అనే మాట వింటారు. అది కోడి కాదు, ఒక పెద్ద కప్ప. మాంట్‌సెరాట్‌లో, డొమినికాలో తప్ప ఎక్కడా లేదు. ఒకప్పుడు వండుకునేవారు. 2009లో మాంట్‌సెరాట్‌కి చేరిన శిలీంధ్ర వ్యాధి దాన్ని దాదాపు తుడిచిపెట్టింది. ఇప్పుడు దాన్ని బతికించడానికి ప్రయత్నాలు జరుగుతున్నాయి. ఆ వ్యాధి మట్టితో పాటు పాకుతుంది, కాబట్టి వేరే దీవిలో అడవి తిరిగిన బూట్లు కడిగి ఆరబెట్టి తెచ్చుకోండి.

బీచ్‌ల్లో ఇసుక నల్లగానో బూడిదరంగులోనో ఉంటుంది. మధ్యాహ్నం చెప్పుల్లేకుండా నడవలేరు. వుడ్‌లాండ్స్ బీచ్ నాకు అన్నిటికంటే ఇష్టం, నీడ ఉంటుంది, జనం ఉండరు. లేత రంగు ఇసుక ఉన్నది ఒక్క రాండేవూ బేలోనే. దానికి రోడ్డు లేదు. లిటిల్ బే నుంచి కొండ దాటి నడవాలి, లేదా పడవ మాట్లాడుకోవాలి. నడిచేవాళ్లు పొద్దున ఏడుకే మొదలుపెట్టండి. అక్కడ కొట్టు లేదు, నీడ లేదు. కావలసిన నీళ్లన్నీ మీరే మోసుకెళ్లాలి, చెత్తనూ మీరే తిరిగి తీసుకురావాలి.

రోడ్డు పక్కనే ఉంటుంది రన్‌అవే ఘాట్. అక్షరాలు చూసి ఘాట్ అనేస్తాం గానీ అక్కడివాళ్లు "గట్" అని పలుకుతారు. కొండ మీంచి వాన నీళ్లు సముద్రానికి దిగే లోతైన దారిని అలా పిలుస్తారు. ఆ ఊట నీళ్లు తాగినవాళ్లు మళ్లీ మళ్లీ వస్తారని నమ్మకం. రెండో ప్రయాణంలో తాగాను.

క్రికెట్ ఇష్టమైతే అక్కడి సేలమ్ అనే ఊళ్లో ఎవరినైనా పాత ఆటగాళ్ల గురించి అడగండి, సాయంత్రం గడిచిపోతుంది. వెస్టిండీస్ తరఫున టెస్టు ఆడిన మొదటి మాంట్‌సెరాట్ మనిషి లయనెల్ బేకర్, 2008లో. అంత చిన్న దీవి నుంచి ఒకడు టెస్టు జట్టు దాకా వెళ్లడమంటే వాళ్లకి ఎంత పెద్ద సంగతో అక్కడ వింటే తెలుస్తుంది.

సంగీతం తెలిసినవాళ్లు ఎయిర్ స్టూడియోస్ గురించి అడుగుతారు. బీటిల్స్ నిర్మాత జార్జ్ మార్టిన్ 1979లో ఇక్కడ కట్టించిన స్టూడియో అది. స్టీవీ వండర్, ఎల్టన్ జాన్, పాల్ మెకార్ట్‌నీ లాంటివాళ్లు వచ్చి రికార్డు చేశారు. 1989 సెప్టెంబరులో హ్యూగో తుపాను దాన్ని, దానితో పాటు దీవిలో చాలా ఇళ్లనీ పాడుచేసింది. ఆ శిథిలాలు కూలేలా ఉన్నాయి, లోపలికి పోనివ్వరు, గోడ దూకే పని పెట్టుకోవద్దు. దాని బదులు లిటిల్ బేలో కల్చరల్ సెంటర్ చూడండి. అగ్నిపర్వతం తర్వాత జార్జ్ మార్టిన్ 1997లో లండన్‌లో కచేరీ పెట్టించి పోగు చేసిన డబ్బు దీని నిర్మాణానికి వెళ్లింది. పక్కనే మ్యూజియం కూడా ఉంది.

తిండి

అక్కడి జాతీయ వంటకం గోట్ వాటర్. మేక మాంసం, లవంగాలు, ఆకులు వేసి కట్టెల పొయ్యి మీద గంటల తరబడి ఉడికించిన పల్చటి పులుసు, గుండ్రటి రొట్టెతో ఇస్తారు. వారాంతంలో రోడ్డు పక్క పెద్ద గిన్నెల్లో ఉడుకుతుంటే అక్కడే తినండి. మాంసం తిననివాళ్లు మొదటే స్పష్టంగా చెప్పాలి, "కూరగాయలు" అన్నా చేప ముక్కలు కలిసే అవకాశం ఉంది. బ్రెడ్‌ఫ్రూట్, కంద, చిలగడదుంప, అరటికాయ బాగా దొరుకుతాయి. వంటగది ఉన్న గది తీసుకుని బ్రేడ్స్‌లో సరుకులు కొనుక్కుంటే ఇబ్బంది ఉండదు. ఆదివారం చాలా కొట్లు మూసేస్తారు, శనివారమే కొనుక్కోండి. అల్లంతో చేసే జింజర్ బీర్ ఇళ్లలో కాచినది దొరికితే వదలకండి.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబరు నుంచి మే దాకా వాన తక్కువ. జూన్ నుంచి నవంబరు దాకా తుపానుల కాలం, ఆ నెలల్లో ఇన్సూరెన్స్ లేకుండా వెళ్లొద్దు. అసలు ఏ నెలలోనైనా వైద్యం కోసం వేరే దీవికి తరలించే ఖర్చు భరించే పాలసీ తీసుకోండి. ఆసుపత్రి చిన్నది, పెద్ద సమస్య వస్తే బయటికి పంపాల్సిందే.

ఒక్కసారే వెళ్లగలిగితే మార్చిలో వెళ్లండి. ఐరిష్ పండగైన సెయింట్ పాట్రిక్స్ డేకి ఐర్లండ్ వెలుపల సెలవు ఇచ్చే చోట్లు చాలా తక్కువ, మాంట్‌సెరాట్ వాటిలో ఒకటి. బయటివాళ్లు పచ్చబట్టల పండగ అనుకుని వస్తారు. కానీ అసలు కథ వేరు. 1768 మార్చి 17న, యజమానులు ఆ పండగ విందులో ఉంటారని చూసుకుని బానిసలు తిరుగుబాటుకి సిద్ధమయ్యారు. సంగతి ముందే బయటపడిపోయింది. తొమ్మిది మందిని ఉరితీశారు. 1985 నుంచి ఆ రోజు దీవిలో సెలవు, వాళ్ల జ్ఞాపకానికే. ఆ వారంలో పొడుగాటి టోపీలు, ముఖానికి ముసుగులు, ఒంటినిండా రంగుల రిబ్బన్లతో మాస్కరేడ్ నాట్యం చేస్తారు. కొరడా చప్పుడు, ఫైఫ్ అనే చిన్న వేణువు, డప్పు. ఇంగ్లండ్ వెళ్లిపోయినవాళ్లు పిల్లల్ని తీసుకుని వస్తారు. గదులు ఆరు నెలల ముందే అయిపోతాయి, విమానం సీట్లూ అంతే.

నేను ఆ వారం ఉన్నది డెబ్బై దాటిన ఒక ఆవిడ ఇంట్లో. హోటళ్లు తక్కువ, ఇలాంటి ఇళ్లే ఎక్కువ, నేనైతే వీటినే ఎంచుకుంటాను. మొదటి రెండు రోజులు ఆవిడ పాత ఊరి మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. మూడో రోజు సాయంత్రం వరండాలో చిన్న కప్పల గోల మొదలయ్యాక, ఆవిడే లోపలికెళ్లి ఒక ఫొటో తెచ్చింది. కార్క్ హిల్‌లో వాళ్ల ఇల్లు. ముందు మామిడి చెట్టు, మెట్ల మీద నలుగురు పిల్లలు. ఒక్కొక్కరూ ఇప్పుడు ఎక్కడున్నారో చెప్పింది, ముగ్గురు ఇంగ్లండులో, ఒకరు ఆంటిగ్వాలో. ఆంటిగ్వాలో ఉన్నది ఏ వీధో చెప్తే, అది మా కాలేజీకి రెండు వీధుల అవతలే. తిరిగి వెళ్లేటప్పుడు ఒక సీసాలో జామపండు జామ్ పోసి, పాత పత్రిక కాగితం చుట్టి, ఆ కొడుక్కి ఇమ్మని నా చేతిలో పెట్టింది. చిన్న విమానంలో దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మీ చేతి సంచిలో కూడా అంత చోటు ఉంచుకోండి, ఎవరో ఒకరు ఏదో ఒకటి పంపుతారు.